ఏడు కిలోల వదిన

వదిన ఏ దేశం వెళ్ళినా, ఎన్నాళ్ళకు వెళ్ళినా ఆవిడ సామాను ఏడు కిలోలే. మూడు రోజులకూ ఏడే, మూడు నెలలకూ ఏడే. మంచు కురిసే చోటికీ ఏడే, మాడు పగిలే ఎండలోకీ ఏడే. ఏడు కిలోల యాభై గ్రాములు తూగిందా, ఆ యాభై గ్రాముల నేరస్థుడు దొరికేదాకా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండేది కాదు.

ఆవిడకు ‘ఏడు కిలోల వదిన’ అని పేరు పెట్టింది మరదలు. పెట్టే హక్కు ఆమెకు ఉంది. కింది వాటాలో అన్నయ్యా వదినా, పై వాటాలో మరదలు. వదిన ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా ఆ తూకాల గోల మెట్లెక్కి పైకి వచ్చేది.

వదినది కుట్టుమిషన్ల పని. కుట్టడం కాదు, బాగుచేయడం. బట్టల ఫ్యాక్టరీల్లో వందలమంది ఆడవాళ్ళు కుడుతుంటారు. మిషను మొరాయిస్తే మెకానిక్కు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. అలా కూర్చోకుండా ఎవరి మిషను వాళ్ళే విప్పి బిగించుకునేలా నేర్పడం వదిన ఉద్యోగం. అందుకోసం కంపెనీ ఆవిడను ఏడాదికి రెండు మూడుసార్లు దేశాల మీదికి తోలేది. యాభై రెండేళ్ళ మనిషి, చీపురుపుల్లలాంటి ఒళ్ళు, పదకొండు దేశాల ముద్రలు పడ్డ పాస్‌పోర్టు.

పడగ్గది కిటికీ ఊచకు ఒక స్ప్రింగు కాటా వేలాడేది. ప్రయాణానికి వారం ముందు నుంచీ ఇంట్లో కదిలే వస్తువు ప్రతిదీ ఆ కొక్కేనికి వేలాడాల్సిందే.

“ఈ బ్రష్షుకి పిడి ఎందుకండీ?” అంది ఒకసారి.

“పట్టుకోవడానికి” అన్నాడు అన్నయ్య.

“నాకు రెండు వేళ్ళకి అందితే చాలు” అని రంపం బ్లేడుతో సగానికి కోసేసింది. మిగిలిన పిడిని పారేయలేదు. అన్నయ్య బళ్ళో డ్రాయింగు మాస్టారు. “రంగులు కలుపుకోండి” అని ఆయన చేతిలో పెట్టింది.

సబ్బును పల్చటి బిళ్ళలుగా కోసి రోజుకొక బిళ్ళ. దువ్వెన కూడా సగమే. చొక్కాల మెడ దగ్గరా పక్కనా ఉండే లేబుళ్ళన్నీ కుట్లు విప్పి తీసేసి, వాటన్నిటినీ ఒక కాగితం పొట్లంలో కట్టి తూచి, “చూశావా అమ్మడూ, పదకొండు గ్రాములు! ఇన్నాళ్ళూ ఎవరి పేరో మోసుకు తిరిగాను” అని మరదలికి చూపించింది.

“గోళ్ళు కత్తిరించుకున్నావా వదినా? అవీ బరువేగా?” అంది మరదలు, ఎగతాళిగా.

“నిన్ననే” అంది వదిన, నవ్వకుండా.

పుస్తకాల సంగతి ఇంకా ఘోరం. విమానంలో చదువుకోవడానికి ఆవిడ పుస్తకం పట్టుకెళ్ళదు, పేజీలు పట్టుకెళ్తుంది. ఒకసారి అన్నయ్య ఒక అపరాధ పరిశోధన నవల సగం చదివి బల్ల మీద పెట్టుకున్నాడు. వదిన అంతకుముందే ఆ సగం చదివేసి ఉంది. కనుక వెనక సగం చింపి సంచీలో వేసుకుని చక్కా వెళ్ళిపోయింది. సాయంత్రం బడి నుంచి వచ్చి నవల తెరిచిన అన్నయ్యకు, “తలుపు తీసి చూసేసరికి అక్కడ” అన్న ముక్క తర్వాత అట్ట కనబడింది. ఫోన్ చేశాడు.

“అక్కడ ఎవరున్నారే?”

“ఎక్కడండీ?”

“తలుపు వెనకాల!”

“నేనింకా అక్కడిదాకా రాలేదు. వచ్చాక చెబుతా” అంది వదిన. ఆరు రోజుల తర్వాత చెప్పింది. ఆ ఆరు రోజులూ మాస్టారు బళ్ళో పిల్లల చేత తలుపుల బొమ్మలే వేయించాడని మరదలు అందరికీ చెబుతుంది. అందులో నిజం ఎంతో ఎవరికీ తెలియదు.

బట్టలు మూడు జతలు: ఒకటి ఒంటి మీద, ఒకటి సంచీలో, ఒకటి ఆరేసి. మూడూ ముదురు నీలమే, ఏది ఉతికినదో ఏది ఉతకాల్సిందో ఆవిడకు తప్ప దేవుడికి తెలియదు. పదకొండు దేశాల ఫోటోలు వరసగా పెట్టి చూస్తే, వదిన కదలకుండా నిలబడి ఉంటే ఎవరో వెనకాల తెరలు మార్చినట్టుంటుంది. ఒక బూడిదరంగు శాలువా ఉంది. అదే దుప్పటి, అదే తలగడ, అదే తువ్వాలు, అదే కిటికీ తెర. చలేస్తే కోటు, పెద్దవాళ్ళు కలవడానికి వస్తే హోదా.

సంచీ మాత్రం తలుపు మూసుకుని సర్దేది. సర్దేటప్పుడు ఎవరు లోపలికి వచ్చినా ఒప్పుకునేది కాదు. అయ్యాక తలుపు తీసి, కాటాకి తగిలించి, “ఏడు” అని ప్రకటించేది.

ఇంత కథా మరదలికి వినోదంగానే ఉండేది, తను కూడా విదేశం వెళ్ళాల్సి వచ్చేదాకా.

మరదలు కేకులు చేస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళు. పన్నెండేళ్ళు ఒక పెద్ద బేకరీలో చేసి, ఈమె వేళ్ళ మీద పూసిన పువ్వులకు యజమాని దండలు వేయించుకుంటుంటే చూడలేక బయటికొచ్చి, వీధి వైపు గదిలో సొంతంగా మొదలుపెట్టింది. పంచదార ముద్దను కాగితం కన్నా పల్చగా ఒత్తి, రేకులు కోసి, సన్నటి తీగ చుట్టూ అంటించి ఆమె చేసే గులాబీ మీద నిజం తేనెటీగలు వాలేవి. ఈ సంగతి ఫోటోలు చూసి ఎక్కడో సముద్రాల అవతల పోటీ పెట్టేవాళ్ళు గమనించి రమ్మని ఉత్తరం రాశారు. పువ్వులు ఇంట్లో చేసి తెచ్చుకోవచ్చు, కేకు అక్కడ చేసి, అక్కడే అలంకరించాలి. మొదటి మూడు స్థానాల్లో వస్తే ఆ ఊరి వంటల కళాశాలలో ఆరు నెలలు నేర్చుకునే అవకాశం. మరదలు ఉత్తరం పదిసార్లు చదివి, పదకొండోసారి ఏడ్చింది. ఊరు దాటాలంటేనే ఆమెకు భయం.

“ఆ ఊరు నేను నాలుగుసార్లు వెళ్ళాను. తోడొస్తాలే” అంది వదిన.

నాలుగు నెలలు కూర్చుని మరదలు నలభై ఒక్క తెల్ల గులాబీలు, రెండొందల ఆకులు చేసింది. పువ్వులు ఒక అట్టపెట్టెలో, ఆకులు ఇంకో అట్టపెట్టెలో, మెత్తటి దూది మధ్య పడుకోబెట్టింది. తర్వాత తన సూట్‌కేసు సర్దుకుంది. కాటా దాన్ని ఎత్తలేక కిర్రుమని ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది.

వదిన సూట్‌కేసు పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“ఇదేంటి?”

“గొడుగు.”

“రెండున్నాయి.”

“ఒకటి పోతేనో?”

“అక్కడ వానపడితే అక్కడి జనం ఏం చేస్తారు?”

“గొడుగు వేసుకుంటారు.”

“అంటే అక్కడ గొడుగులు దొరుకుతాయన్నమాట” అని రెండూ తీసి పక్కన పెట్టింది. “ఈ ఇస్త్రీపెట్టె?”

“నలిగిన బట్టలతో వెళ్తే ఏమనుకుంటారు?”

“వాళ్ళు చూసేది కేకుని. కేకు నలక్కుండా చూసుకో. ఈ నాలుగు జతల చెప్పులు?”

“ఒకటి నడవడానికి, ఒకటి పోటీకి, ఒకటి స్నానాలగదికి...”

“నాలుగోది?”

మరదలికి గుర్తు రాలేదు.

నెలసరికి కావలసినవి రెండు పెద్ద ప్యాకెట్లు కనబడ్డాయి. వదిన గోడ మీద క్యాలెండరు చూసి వేళ్ళు మడిచింది. “నీకు తిరిగొచ్చాక కదా? ముందే వచ్చినా రెండు రోజులకి ఇవి చాలు” అని ఆరు ఉంచి మిగతావి బీరువాలోకి పంపింది. అద్దం పోయింది. జుట్టు ఆరబెట్టే యంత్రం పోయింది. చివరికి మరదలు ఆ రోజు కోసమని కుట్టించుకున్న ఆకుపచ్చ గౌను, అంచుల నిండా పూసలున్నది, కొక్కేనికి వేలాడింది.

“రెండు కిలోలా వంద” అంది వదిన.

“అదొక్కటీ ఉంచు వదినా.”

“అమ్మడూ, విను. పరాయి ఊళ్ళో ఆడది తన సామాను తనే ఎత్తుకోగలగాలి. ఎత్తుకోలేకపోయావో, ఎవడో వచ్చి ‘ఇలా ఇవ్వండి’ అంటాడు. నువ్వు థాంక్స్ అంటావు. వాడు ఏ హోటల్ అంటాడు. అక్కడి నుంచి వాడిని వదిలించుకోవడానికి సూట్‌కేసు కన్నా ఎక్కువ బలం కావాలి.” జేబులోంచి ఒక చెక్కముక్క తీసింది. కత్తిరించిన కేకుముక్కంత ఉంది. “ఇదిగో, ఇది మాత్రం పెట్టుకో. పడుకునేముందు గది తలుపు కింద దూర్చాలి. బయటి నుంచి తాళం తీసినా తలుపు రాదు. నలభై గ్రాములు. ఇది వదలకూడదు.”

మరదలు చెక్కముక్క తీసుకుంది కానీ గౌను దగ్గర మనసు చివుక్కుమంది. ఈ మనిషికి గ్రాములు తప్ప ఇంకేం కనబడవు, అనుకుంది. సూట్‌కేసు పన్నెండు కిలోలకు దిగింది. మరదలు మూతి మూడు రోజులు ముడుచుకునే ఉంది.

మొదటి విమానం పెద్దది, పేచీ పెట్టలేదు. మరదలి సూట్‌కేసును తిన్నగా చివరి ఊరికి చీటీ కట్టి కింద సామానులో వేసుకున్నారు. మరదలు రెండు అట్టపెట్టెలూ ఒళ్ళో పెట్టుకుంటానంటే, కాదమ్మా అని వాళ్ళే జాగ్రత్తగా పైఅరలో సర్దారు. తొమ్మిది గంటలు ఆమె ఆ అర వైపే చూస్తూ కూర్చుంది. వదిన శాలువా తల మీదుగా కప్పుకుని, సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

చిక్కంతా రెండో విమానం దగ్గర వచ్చింది. అది ఆ దేశంలోనే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళే చిన్న విమానం. గేటు దగ్గర చీటీలు చూస్తున్న అమ్మాయి పెట్టెలు చూసి ఆగింది.

“మనిషికి ఒక్కటే పైకి తీసుకెళ్ళాలండీ. మీరు ఇద్దరు, ఇక్కడ మూడున్నాయి” అంది ఇంగ్లీషులో.

“మూడోది కింద సామానులో వేయండి” అంది మరదలు, వదిన సంచీ చూపిస్తూ.

“కింద నిండిపోయింది. వెనకొచ్చే విమానంలో పంపిస్తాం. ఇవాళే రావచ్చు, ఎల్లుండి రావచ్చు. చెప్పలేం.”

పోటీ ఎల్లుండి పొద్దున్నే. ఆకులు లేకపోతే కొమ్మ లేదు, కొమ్మ లేకపోతే నలభై ఒక్క పువ్వులూ కేకు మీద బఠాణీల్లా దొర్లుతాయి. అయితే ఇందులో ఆలోచించాల్సిందేముంది? సంచీ వదిలేస్తే సరి. మరదలు వదిన వైపు చూసింది.

వదిన సంచీని గుండెలకు హత్తుకుని నిలబడి ఉంది.

ఆవిడ ఏదైనా వదలడానికి తటపటాయించడం మరదలు పుట్టి బుద్ధెరిగి చూడలేదు. నిద్రలేని కళ్ళు మండాయి. ఆకుపచ్చ గౌను గుర్తొచ్చింది. గొంతు పైకి లేచింది.

“ఏముంది వదినా అందులో? రెండు చొక్కాలూ సగం బ్రష్షూ! నా నాలుగు నెలల కష్టం కన్నా ఎక్కువా అవి? నాతో మాత్రం అన్నీ పారేయించావు కదా!”

వరసలో ఉన్న యాభైమందీ తిరిగి చూశారు. మాటలు అర్థం కాకపోయినా, వదినామరదళ్ళ తగువు ఏ భాషలోనైనా తెలిసిపోతుంది.

వదిన పక్కనున్న కుర్చీలో కూర్చుని, సంచీ జిప్పు లాగి, ఒక్కొక్కటే బయటికి తీయడం మొదలుపెట్టింది. ముందు చొక్కాలు వచ్చాయి, ప్యాంట్లు వచ్చాయి, సగం బ్రష్షు, సగం దువ్వెన వచ్చాయి. అక్కడితో వదిన సామాను అయిపోయింది. సంచీ మాత్రం ఇంకా పొట్ట నిండానే ఉంది. తర్వాత గుడ్డ పొట్లాలు వచ్చాయి. ఒకటి, రెండు, ఐదు, ఎనిమిది. ఒక పొట్లం ముడి విప్పితే కళ్ళజోళ్ళు. దగ్గరివి చూడటానికి పెట్టుకునే కళ్ళజోళ్ళు. ఒక్కోదానికి దారంతో కట్టిన చీటీ, చీటీ మీద పవరు. పొట్లానికి పన్నెండు. అడుగున ఒక డబ్బా నిండా పిసరంత మరమేకులు, ముక్కు దగ్గర పెట్టే మెత్తలు.

ఏడు కిలోల్లో వదినది రెండున్నర కిలోలు కూడా లేదు.

“ఎవరివి వదినా ఇవన్నీ?”

“కుట్టేవాళ్ళవి” అంది వదిన, ఏదో తప్పు దొరికిపోయినట్టు తల దించుకుని. “నేను మొట్టమొదటిసారి వెళ్ళింది ఇప్పుడు మనం వెళ్ళే ఊరికే. అప్పుడు నా పెట్టె కూడా నీ పెట్టెలాగే ఉండేది. అక్కడి ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఒకావిడ ఉంది. ఇరవై ఏళ్ళ చెయ్యి. అంత సాపుగా కుట్టేవాళ్ళు ఇంకొకరు లేరు. ఆ నెలలో ఆవిడ్ని మాన్పించేస్తున్నారు. సూదిలో దారం ఎక్కించడానికి పావుగంట పడుతోందని. నా కళ్ళజోడు తీసి పెట్టాను. టక్కున ఎక్కించేసింది. ఎక్కించి, నా మొహం చూసి నవ్వింది. అంతదాకా నా మొహం కూడా సరిగ్గా కనబడలేదట.”

“మరి కళ్ళజోడు కొనుక్కోవచ్చుగా? అక్కడ కొట్లు లేవా?”

“ఉన్నాయి. కళ్ళు ఆనడం లేదని తెలిస్తే ఉద్యోగం పోతుందని ఎవరూ వెళ్ళరు. దాచుకుంటారు. నేను పోయిన ప్రతి ఊళ్ళోనూ ఇంతే. నా కళ్ళజోడు ఇచ్చేద్దామంటే మర్నాడు నాకు మిషన్లో స్క్రూ కనబడదు. హోటలుకొచ్చి పెట్టె తెరిచాను. నాలుగు జతల చెప్పులున్నాయి అమ్మడూ. రెండో కళ్ళజోడు లేదు.” చేతిలోని జోడు అద్దం శాలువాతో తుడుస్తూ, “మరి ఆవిడేం చేయాలి? చెప్పులు కళ్ళకు పెట్టుకోవాలా?” అంది.

అప్పటి నుంచి వదిన వీధి చివర కళ్ళజోళ్ళ కొట్టాయన దగ్గర పాత జోళ్ళు పోగుచేసి, విరిగిన కాళ్ళు అతికించి, మరలు బిగించి తీసుకెళ్తోంది. ఒక చెప్పుల జత తగ్గిస్తే ఇరవై కళ్ళజోళ్ళు పడతాయి. బ్రష్షుకు పిడి కోసేస్తే, లేబుళ్ళు తీసేస్తే, దువ్వెన సగం చేస్తే ఇంకొకటి పడుతుంది.

“రేపు ఒక్కరోజే ఫ్యాక్టరీలో మిషన్లు ఆపి శుభ్రం చేసుకుంటారు. అందరూ దొరికేది రేపే. ఎవరికి ఏది సరిపోతుందో పెట్టి చూడాలి కదా. ఎల్లుండికి సంచీ వస్తే లాభం లేదు.”

“మాకెందుకు చెప్పలేదు?”

“చెబితే మీ అన్నయ్య కూడా మొదలుపెడతాడు. ఆయనకి ఉన్నవే రెండు చొక్కాలు.”

మరదలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, ఏది ముందు పోనివ్వాలో తెలియక ముక్కు చీదింది. ఆకుల పెట్టె చేతిలోకి తీసుకుని, “ఇది వదిలేద్దాం వదినా. ఏదో ఒకటి చేసుకుంటాను” అంది.

“నోర్ముయ్” అంది వదిన, ఎంతో ప్రేమగా. లేచి గేటు దగ్గరి అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. “అమ్మా, ఒంటి మీద ఉన్నవి సామాను కింద లెక్కా?”

“లేదండీ. ఒంటి మీదవి ఎలా లెక్కపెడతాం?”

“ఎంతున్నా?”

“ఎంతున్నా” అంది అమ్మాయి. అన్నాక గానీ ఆ మాట ఎంత దూరం పోతుందో ఆమెకు తట్టలేదు.

వదిన చొక్కా మీద చొక్కా తొడిగింది. ప్యాంటు మీద ప్యాంటు ఎక్కించింది. బ్రష్షు ఒక జేబులో, దువ్వెన ఒక జేబులో, మరమేకుల డబ్బా ఇంకో జేబులో పెట్టింది. చీపురుపుల్లలాంటి మనిషి రెండు నిమిషాల్లో సోఫాలా తయారైంది. తర్వాత ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఒకటి నెత్తి మీద పెట్టుకుంది. మరదలికి రెండు పెట్టింది. అయినా ఇంకా తొంభై రెండు మిగిలాయి.

వెనకాల నిలబడ్డ ఒక లావుపాటి పెద్దావిడకు ఇంగ్లీషు వచ్చు. జరుగుతున్నదంతా మొదటి నుంచీ వింటూ, అర్థమైనదీ కానిదీ కలిపి అల్లుకుంటూ ఉంది. చెయ్యి చాపి, “నాకివ్వండి రెండు. దిగాక ఇస్తాను” అంది. పెట్టుకుని వెనక్కి తిరిగి తన భాషలో వరసకంతటికీ ఏదో చెప్పింది. ఏం చెప్పిందో గానీ, సూటు వేసుకున్నాయన నవ్వుతూ ముందుకొచ్చి తల వంచాడు. వీపు సంచీల కాలేజీ పిల్లలు ఐదుగురు వచ్చారు. పసిపాపను ఎత్తుకున్న తల్లి, తనకు రెండు పెట్టించుకుని పాప మెడలో ఒకటి తగిలించింది.

గేటు దగ్గరి అమ్మాయి చీటీలు చూసి పంపుతోంది. పవరు పడక తడుముకుంటున్నవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ముక్కున ఒకటీ నెత్తిన ఒకటీ కళ్ళజోళ్ళతో, చెవుల పక్క చీటీలు ఊగుతుంటే, బారుగా విమానం ఎక్కారు. చివర్లో పైలట్ బయటికి తొంగి చూశాడు. యాభైమంది కళ్ళజోళ్ళ జనం తననే చూస్తున్నారు. ఏమీ అడక్కుండా లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.

వదిన ఖాళీ సంచీని మడిచి జేబులో పెట్టుకుంది. ఆకుల పెట్టె ఆవిడ ఒళ్ళో, పువ్వుల పెట్టె మరదలి ఒళ్ళో.

“వదినా, ఆ గేటు దగ్గర అన్నదానికి...”

“పెట్టె వంచకు. రేకులు విరుగుతాయి” అంది వదిన. మరదలు తల ఆవిడ భుజం మీద వాల్చింది. మూడు చొక్కాల భుజం మెత్తగా ఉంది.

దిగాక మెట్ల కింద నిలబడి ఇద్దరూ కళ్ళజోళ్ళు వసూలు చేసుకున్నారు. తొంభై ఆరుకి తొంభై ఐదే తేలాయి. మరదలు మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టింది. వదిన మోచేత్తో పొడిచి చూపించింది. దూరంగా ఒక ముసలాయన గోడ మీద అంటించిన బస్సుల పట్టిక ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదువుకుంటున్నాడు. చదివిన ప్రతి లైనుకీ తల ఊపుతున్నాడు. చెవి పక్కన చీటీ వేలాడుతోంది.

“అడగనా?” అంది మరదలు.

“అయ్యో వద్దు. సరిపోయినట్టుంది” అంది వదిన.

మర్నాడు ఫ్యాక్టరీకి మరదలు కూడా వెళ్ళింది. ఆపేసిన మిషన్ల మధ్య వదిన ఒక స్టూలు వేసుకుని కూర్చుంటే, ఆడవాళ్ళు వరసగా వచ్చారు. వదినకు వాళ్ళ భాషలో నలభై మాటలు కూడా రావు. సూదీ దారం చేతికిచ్చి, ఒక జోడు పెట్టి చూస్తుంది. దారం ఎక్కకపోతే ఇంకో జోడు. ఎక్కితే ‘తర్వాతి మనిషి’ అంటుంది, అంతే. మాన్పించబోయారన్న కాలర్ల ఆవిడ ఇప్పుడు అక్కడ కొత్తవాళ్ళకు నేర్పుతోంది. చీటీల మీద పేర్లు రాసే పని మరదలికి అప్పజెప్పారు. రాస్తూ రాస్తూ ఆమె మధ్యమధ్యలో తలెత్తి చూసింది. సూదిలోంచి దారం అవతలికి వచ్చిన క్షణాన ప్రతి ఆడమనిషీ ఒకేలా చేస్తోంది. నవ్వి, వెంటనే వదిన మొహంలోకి చూస్తోంది.

పోటీ రోజున మరదలు ముదురు నీలం చొక్కా వేసుకుంది, వదినదే. మూడంతస్తుల కేకు చుట్టూ తెల్ల గులాబీల కొమ్మ కింది నుంచి పైదాకా అల్లుకుంది. ఒక్క ఆకు కూడా మిగల్చలేదు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ చుట్టూ రెండుసార్లు తిరిగారు. ఒకాయన పువ్వు వాసన చూసి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాడు. సాయంత్రం నాలుగింటికి మూడో బహుమతి ప్రకటించారు. అంటే ఆరు నెలల చదువు వచ్చినట్టే. వదిన ఈల వేసింది. యాభై రెండేళ్ళ మనిషి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని హాలు దద్దరిల్లేలా ఈల వేస్తుందని మరదలికి ఆ రోజే తెలిసింది.

జనం పల్చబడే వేళకు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వచ్చారు. షిఫ్టు దిగి తిన్నగా వచ్చినట్టున్నారు, బట్టల మీద ఇంకా దారపు పోగులు అంటుకునే ఉన్నాయి. ముప్పైమందిదాకా ఉన్నారు. కేకు చుట్టూ చేరి, కళ్ళజోళ్ళు సవరించుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూశారు. గుసగుసలు మొదలయ్యాయి. కాలర్ల ఆవిడ ఒక పువ్వును అటు నుంచీ ఇటు నుంచీ పరీక్షించి మరదలిని ఏదో అడిగింది.

“ఏమంటోంది వదినా?”

“కుట్టు ఎక్కడ వేశావు, కనబడటం లేదు అంటోంది.”

“గుడ్డ కాదు, పంచదార అని చెప్పు.”

వదిన చెప్పింది. ఎవరూ నమ్మలేదు. ఇంత పల్చటి గుడ్డ మాకు తెలియకుండా ఎక్కడ నేస్తున్నారు అన్నట్టు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కాలర్ల ఆవిడ అయితే, నాతోనా వేళాకోళం అన్నట్టు చెయ్యి ఊపేసింది.

మరదలు ఒక్క క్షణం ఆలోచించింది. నాలుగు నెలలు ఊపిరి తగిలితే విరుగుతుందేమోనని పక్కకు తిరిగి తుమ్మిన మనిషి, చెయ్యి చాచి, అన్నిటికన్నా పెద్ద గులాబీ నుంచి ఒక రేకు టప్పున విరిచి ఆవిడ నోట్లో పెట్టింది.

ఆవిడ కళ్ళు కళ్ళజోడు వెనకాల ఇంతింతయ్యాయి. చప్పరించింది. ఒక్క మాట అరిచింది. ఆ మాట మరదలికి ఎవరూ అనువాదం చేయక్కర్లేకపోయింది. ముప్పై చేతులు ఒకేసారి చాచుకున్నాయి. మరదలు విరిచిన రేకు విరిచినట్టే పంచుతూ, కడుపుబ్బ నవ్వుతూ, మధ్యలో ఒక్కసారిగా ఏదో గుర్తొచ్చి కెవ్వుమంది.

“వదినా, చెప్పు వాళ్ళకి! తొడిమల్లో తీగ ఉంటుంది, చూసుకుని తినమను!”

వదిన సగం మాటలతో, సగం సైగలతో చెప్పింది. ముప్పైమంది ఆడవాళ్ళు తమ చేతిలో ఉన్న రేకుల్ని దీపాల వెలుగుకి ఎత్తిపట్టుకుని, శ్రద్ధగా చూసి, తీగ లేదని తేల్చుకుని, నోట్లో వేసుకున్నారు.